ప్లస్సును భూమికి కలిపిన ఆదివారం

ఫిబ్రవరి 9, ఆదివారం. ఆదోని, మా ఇంటి ముందు గది. ఉన్నవారు: నేను, నా భార్య, ఎమ్మిగనూరులో మోటార్లకు వైండింగ్ చేసే నా మిత్రుడు. నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది.  

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. గడియారాలు సరిచూడటం అక్కడ నా పనుల్లో ఒకటి. ఉద్యోగం వదిలినా ఆ పిచ్చి వదల్లేదు. ఇప్పుడు నా బల్ల మీద అరచేతిలో పట్టే ఇనుప డబ్బా ఒకటి ఉంది. లోపల ఒక స్ఫటికం, దాన్ని ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచే చిన్న పొయ్యి ఉంటాయి. ఆ స్ఫటికం సెకనుకు కోటిసార్లు కంపిస్తుంది. ఉపగ్రహాల నుంచి వచ్చే సెకను గుర్తుతో దాన్ని పోల్చి, ఎంత తప్పుతోందో రోజూ రాసుకోవడం నా సరదా. దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదని నా భార్య అంటుంది. నేను కాదనను.

ఇలాంటి డబ్బా ముందొకటి ఉండేది. షాపు బోర్డుల లైట్లకు వాడే, కరెంటును పన్నెండు వోల్టులకు దించే తేలికపాటి పవర్ సప్లై దానికి పెట్టాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఒక్కసారిగా ఎగిరి వచ్చింది. సప్లైతో పాటు డబ్బా కూడా పోయింది. రెండోది దొరకడానికి రెండేళ్లు పట్టింది. విప్పేసిన సెల్‌ఫోన్ టవర్ల సామానులోంచి పాత సహోద్యోగి ఒకాయన వెతికి పంపాడు. ఇంకొకటి లేదని కూడా చెప్పాడు. అందుకే ఈసారి దానికి ఏ సప్లై ఇవ్వాలన్నది తేలేదాకా డబ్బాను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.

ఆ ఆదివారం మిత్రుడు పది గంటల బస్సుకు దిగాడు. భుజాన సంచి, సంచిలో తన చేత్తో చుట్టిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్.

"బస్సులో కండక్టరు అడిగినాడన్నా, సంచిలో రోలు పెట్టుకొని యాడికి పోతాండావప్పా అని."

"నువ్వేమన్నావు?"

"ఆదోనిలో ఒకాయనకు టైము రుబ్బేది ఉంది అన్నా."

నా భార్య ఉగ్గాని, బజ్జీలు తెచ్చి పెట్టింది. తింటూనే ఏ సప్లై మేలో పరీక్ష మొదలుపెట్టాం. పాత ట్రాన్సిస్టర్ రేడియో ముల్లును స్టేషన్లేవీ లేని చోటికి తిప్పి, ముందు తేలికపాటి కొత్త సప్లైని దాని పక్కకు తెచ్చాను. రేడియో తేనెతుట్టె కదిలినట్టు మోత పెట్టింది. మిత్రుడి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, వోల్టేజీని నిలకడగా ఉంచడానికి నేను తయారుచేసిన రెగ్యులేటర్ కలిపితే సన్నటి గుంయ్ తప్ప ఏమీ లేదు. చెవికి వినిపించే ఆ మోతే స్ఫటికం లెక్కలోకీ చొరబడుతుంది.

"ఇంగ దేనికి ఆలోచన? రోలే మేలు" అన్నాడు.

నిర్ణయం అయిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు బ్యాటరీలను నింపుతూ ఉంటుంది, బ్యాటరీల నుంచి రెగ్యులేటర్ పన్నెండు వోల్టులు ఇస్తుంది. కరెంటు పోయినా, ఎగిరి వచ్చినా డబ్బాకు తెలియదు. ఇన్నాళ్ల బరువు దిగిపోయింది. డబ్బాను గుడ్డలోంచి తీసి, ముందురోజు గీసుకున్న బొమ్మ ప్రకారం తీగలు కలిపాను. మూడుసార్లు సరిచూసుకున్నాను.

స్విచ్ మీద చేయి వేస్తుంటే మిత్రుడు పట్టుకున్నాడు.

"ముందు బల్బు పెట్టన్నా."

వైండింగ్ షాపుల్లో అది ఆచారం. విప్పి బిగించిన ఏ మోటారుకైనా మొదటిసారి కరెంటు నేరుగా ఇవ్వరు, మధ్యలో ఒక బల్బు ద్వారా ఇస్తారు. లోపల తప్పుంటే కరెంటు మోటారును కాల్చకుండా బల్బును వెలిగిస్తుంది.

"ఇది మోటారు కాదప్పా" అన్నాను.

"ఆ సంగతి కరెంటుకు తెలుసునా?"

జేబులోంచి ఆటో ఇండికేటర్ బల్బు తీసి తానే తీగ మధ్యలో కట్టాడు. అతని తృప్తి కోసం ఊరుకున్నాను. స్విచ్ వేశాను.

బల్బు భగ్గున వెలిగింది.

స్విచ్ కట్టేసింది నేనో అతనో గుర్తులేదు.  నా భార్య అడిగింది.

"ఏమయ్యా, ఇది కూడా సచ్చిపాయనా?"

మిత్రుడు తీగల వెంబడి వేలు పెట్టి చూసుకుంటూ పోయి, డబ్బా దగ్గర ఆగాడు.

"అన్నా, ప్లస్సు తీసుకపోయి డబ్బా ఒంటికి కట్టినావే."

"అవును. ఒళ్లు భూమి కదా. భూమికి ప్లస్సు..." అని ఆగిపోయాను.

ఎక్స్ఛేంజిలో బ్యాటరీ ప్లస్సునే భూమికి కలుపుతాం. భూమిలోని కేబుళ్లను తుప్పు తినేయకుండా ఉండటానికి పెద్దలు పెట్టిన పద్ధతి అది. ఉద్యోగమంతా ఆ పద్ధతిలోనే తీగలు కలిపాను. మిగతా లోకంలో, ఈ డబ్బాలో కూడా, ఒంటికి కలిసేది మైనస్సు. ఆ సంగతి నాకు తెలియక కాదు. చేతికి తెలియదు. బొమ్మ గీసిందీ ఆ చేయే. మూడుసార్లు సరిచూసుకున్నది కూడా ఆ తప్పుడు బొమ్మతోనే.

తీగలు మార్చాను. ఈసారి స్విచ్ మిత్రుడిని వేయమన్నాను. బల్బులోని తీగ ఎర్రగా, నిప్పురవ్వలా కనిపించింది. అయిదారు నిమిషాల్లో ఆ ఎరుపు కూడా ఆరిపోయింది.

"ఆరిపాయ. మళ్లీ ఏమాయ?" అంది నా భార్య.

"ఏం కాలేదు వదినా. పొయ్యి కాగింది. కాగినాక కరెంటు తక్కువ తింటది" అన్నాడు మిత్రుడు.

అంటే పొయ్యి బతికింది. స్ఫటికం సంగతి అప్పుడే చెప్పలేం. అది కుదురుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. దెబ్బ తగిలి ఉంటే ఎప్పటికీ కుదురుకోదు. సాయంత్రం మిత్రుడు బయలుదేరుతూ గడపలో నిలబడి, "పొద్దున్నే ఫోన్ చెయ్యన్నా, ఏదైనా సరే" అన్నాడు. అంతకుమించి ధైర్యం చెప్పలేదు. అది నాకు నచ్చింది.

సోమవారం ఉదయం, ఆరు దాటి పది నిమిషాలు. ఉపగ్రహాల సెకను గుర్తుతో నడిచే లెక్కింపు మీటరుతో స్ఫటికం కంపనాలను నూరు సెకన్ల పాటు లెక్కబెట్టించాను. నూరు కోట్లు రావాలి. నూరు కోట్ల మీద రెండు వచ్చింది. మళ్లీ లెక్కబెట్టించాను, రెండే. మూడోసారి ఒకటి. ఆ తరవాత పదిసార్లు చూసినా ఒకటికీ రెండుకూ మధ్యే ఆడింది. ముందున్న డబ్బా దాని మంచి రోజుల్లో కూడా ఇంత నిలకడగా లేదు.

ఫోన్ చేశాను. మిత్రుడు అప్పటికే పని మీద పత్తికొండ దారిలో ఉన్నాడు. టమోటా మార్కెట్‌కు పోయే ట్రాక్టర్ల మోత వెనక నుంచి వినిపిస్తోంది.

"బతికింది" అన్నాను.



"రాత్రి మా ఇంట్లో అడిగింది అన్నా, ఏమి కూడు సరిగా తినల్యా అని. ఏమని సెప్పల్ల? సరే, ఎంత తప్పుతాండాది?"

"నూరు కోట్లకు రెండు."

"ఆ రెండు కూడా నా మీద ఎయ్యద్దు" అని పెట్టేశాడు.

వంటింట్లోకి వెళ్లి నా భార్యకు చెప్పాను. ఆమె స్టవ్ మీద పాలు చూస్తూ, "అయితే కూర్చో, కాఫీ కలుపుతా" అంది. కూర్చున్నాను.