అరబా రాసిన పరుగు

సెకొండీ రేవు నుంచి పైకి వచ్చే దారిలో అరబా ఎషున్ గేమ్ సెంటర్ ఎక్కడని అడిగితే, చేపలమ్మే ఆడవాళ్ళు తలెత్తకుండానే చెబుతారు. "అరుపులు వినిపించే చోటికి పో," అని. నాలుగు టీవీలు, నాలుగు పాత కంప్యూటర్లు, రెండు పొడుగు బల్లలు. ఒకప్పుడు అక్కడ అసలైన ఆట పెట్టెలే ఉండేవి. సముద్రపు ఉప్పుగాలికి అవి ఒకటొకటిగా మూలపడ్డాయి. అప్పుడు అరబా, కంప్యూటర్ చేతనే ఆ పెట్టె వేషం కట్టించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం తెచ్చి పెట్టి దుకాణం నిలబెట్టుకుంది.

ఆమె తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఇంజన్ మొరాయిస్తే కంగారుపడి అన్ని మరలూ విప్పేవాణ్ణి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "ఒక్కటి మార్చు. ఏమైందో చూడు. ఆ తర్వాతే ఇంకొకటి," అనేవాడు. అరబాకు సంక్రమించిన ఆస్తి అదే. ఆ పద్ధతితోనే చీట్ పాచ్‌లు రాయడం నేర్చుకుంది. ఆట నడుస్తున్నంతసేపూ దాని సంగతులన్నీ కంప్యూటర్ జ్ఞాపకంలో లక్షల గదుల్లో అంకెలుగా కూర్చుని ఉంటాయి. గోల్స్ ఒక గదిలో, గడియారం ఒక గదిలో. ఫలానా గదిలో ఫలానా అంకె పెట్టు అని చెప్పే చిన్న ఫైలే పాచ్. రాయడం తేలికే, గది దొరకడమే గగనం. దొరకబుచ్చుకోవడంలో ఆమెకు సాటి లేదని ఊళ్ళో కుర్రాళ్ళందరికీ తెలుసు. "ఆంటీ చెయ్యి పెడితే గోల్ స్తంభం కూడా పరిగెత్తుద్దిరా," అంటారు.

ఆమె కూతురు ఎఫువాకు పదకొండేళ్ళు. పుట్టుకతోనే కుడిచేతి వేళ్ళకు పట్టు తక్కువ. బటన్ నొక్కగలదు గానీ నొక్కి పట్టి ఉంచలేదు. ఫుట్‌బాల్ ఆటలో ఆటగాడు పరిగెత్తాలంటే బటన్ నొక్కి పట్టే ఉంచాలి. ఎడమచేతికి మార్చి చూశారు. ఆటగాళ్ళను అటూ ఇటూ తిప్పే ఆ చేతికి అప్పటికే ఊపిరాడనంత పని. అందుకని ఎఫువా జట్టు ఎప్పుడూ నడిచేది. జనం రాని పొద్దుటిపూట ఒక్కతే ఆడుకునేది.

"శనివారం సాయంత్రం పెద్దాళ్ళతో ఆడతానమ్మా," అంది ఒకరోజు.

"ఆడించమని నేను చెబుతాలే."

"నువ్వు చెబితే జాలిపడి ఓడిపోతారు. నాకది వద్దు."

ఆ మాట అరబాను కుదురుగా కూర్చోనివ్వలేదు. నెట్‌లో వెతికితే పాచ్ ఒకటి దొరికింది, పనిచేయలేదు. సెకొండీలో తిరిగేది అసలు డిస్కు కాదు, ఇక్కడి క్లబ్బుల పేర్లూ చొక్కాలూ ఎక్కించిన నకలు. ఆట గుర్తుసంఖ్యే పాచ్ ఫైలుకు పేరుగా ఉండాలి. నకలు సంఖ్య వేరు కాబట్టి ఎమ్యులేటర్ ఆ ఫైలు మొహమే చూడలేదు. పేరు మారిస్తే తెరిచింది గానీ, నకల్లో గదులన్నీ జరిగిపోయి ఉన్నాయి. ఆటగాళ్ళు నడుస్తూనే ఉన్నారు, రిఫరీ మాత్రం కుక్క తరిమినట్టు మైదానమంతా పరిగెత్తాడు. ఎఫువా నేలమీద దొర్లి నవ్వింది.

అరబా మొదటినుంచీ మొదలుపెట్టింది. ఆటగాణ్ణి పరిగెత్తించి, మారిన అంకెల్ని పట్టుకుంది. ఆపి, మళ్ళీ మారినవాటినే మిగిల్చింది. జల్లెడ పట్టగా పట్టగా చివరికి ఒకే ఒక్క గది మిగిలింది. అక్కడ అంకె పెట్టగానే ఎఫువా జట్టు దానంతటదే పరుగందుకుంది. ఆ సంతోషంలో మళ్ళీ మళ్ళీ కొత్త ఆట మొదలుపెట్టి చూసుకున్నారే తప్ప, తల్లీకూతుళ్ళిద్దరూ ఏ ఆటా సగం దాటి ఆడలేదు.

శనివారం బల్ల మీద ఫీఫీ ఉన్నాడు. మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడు, ఆ వీధికి ఛాంపియన్. అరబా అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఎఫువా జట్టు బటన్ నొక్కకుండానే పరిగెత్తుతుంది. నీకంటే వేగం కాదు, నీ అంతే. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు."

"కాళ్ళే కదా ఆంటీ, ఇచ్చుకో. గోల్స్ నేను కొట్టుకుంటా," అన్నాడు ఫీఫీ. "పాపా, తర్వాత ఏడవకూడదు మరి."

"నువ్వు ముందు ఆ కెంకే ముద్ద తిన్న చెయ్యి తుడుచుకో," అంది ఎఫువా. "ప్యాడ్ జిడ్డవుద్ది."

బల్లంతా గొల్లుమంది. సగం ఆటయ్యేసరికి చెరొక గోల్.

రెండో సగం మొదలవగానే ఎఫువా జట్టు చర్చి విడిచాక ఇంటికి పోతున్నట్టు తాపీగా నడవసాగింది. ఫీఫీ జట్టు రయ్యిమని దూసుకుపోయింది.

"నేనేం నొక్కట్లేదురా!" ఫీఫీ ప్యాడ్ ఒళ్ళో పడేసి రెండు చేతులూ పైకెత్తాడు. అయినా అతని జట్టు ఆగలేదు. "ఆంటీ, పాచ్ నా పేరున రాశావా ఏంటి?"

నవ్వులు మిన్నంటాయి. టాక్సీ నడిపే పా క్వెసి మాత్రం నవ్వలేదు. "ఆపెయ్ అరబా. పదిమందిలో పిల్లను నవ్వులపాలు చెయ్యకు. డ్రా అనుకుందాం."

అరబా చెయ్యి స్విచ్ దాకా వెళ్ళింది.

"ఆపకమ్మా," అంది ఎఫువా, తెర మీంచి చూపు తిప్పకుండా. "బాగుచెయ్యి."

అరబా ఆటను ఉన్నచోటే నిలిపి, భద్రపరిచింది. ఏం మారింది? ఒక్కటే మారింది. సగం ఆట కాగానే జట్లు వైపులు మార్చుకున్నాయి. అంటే తాను పట్టుకున్న గది ఎఫువా జట్టుది కాదు, మైదానం ఎడమవైపుది. అక్కడ ఎవరుంటే వాళ్ళకే పరుగు. ఎడమవైపుకి గది ఉంటే కుడివైపుకీ ఉండి తీరాలి. పక్క గదులన్నీ వరసగా చూసుకుంటూ పోయింది, దానికి కవల దొరికింది. మొదటి సగమైతే ఇక్కడ రాయి, రెండో సగమైతే అక్కడ రాయి అని పాచ్‌లో షరతు పెట్టింది.

ఆట కదిలింది. ఎఫువా ఆటగాడు కుడివైపు గీత వెంట బాణంలా పోయాడు.

"ఇప్పుడు చూడరా ఫీఫీ!" అని ఎవరో కేక పెట్టారు. ఫీఫీ వీపు నిటారయింది. పళ్ళ బిగువున ఆడాడు. ఎఫువా ఒక గోల్ కొట్టింది. అతను సమం చేశాడు. చివరి నిమిషంలో ఇంకొకటి కొట్టి, చొక్కా విప్పి గిరగిరా తిప్పుతూ బల్లెక్కి గంతులేశాడు. చిన్నపిల్లరా, ఊరుకో అని ఒక్కరూ అనలేదు.

"ఆఫ్‌సైడ్!" ఎఫువా లేచి నిలబడింది. "దిగు కిందకి! ఆఫ్‌సైడ్ అది!"

"ఏం ఆఫ్‌సైడ్? నీ డిఫెండర్ గురక పెడుతుంటే నాదా తప్పు?"

"ఆ గోల్ మళ్ళీ వెయ్, చూద్దాం!"

"వెయ్యవే, నాకేం భయం! ఆంటీ, నువ్వే చెప్పు."

అంత గర్వం అరబా జన్మలో ఎరగదు. "నన్నడక్కండి. ఆడింది మీరిద్దరూ," అంది. ఆ మాట వాళ్ళ చెవిన పడనే లేదు. ఇద్దరూ అప్పటికే తెరకు ముక్కులు ఆనించి, ఒకరినొకరు మోచేతులతో నెట్టుకుంటున్నారు.