పసుపు గీత

ఫిజీలో సబేటో లోయ పైనున్న మాంగనీసు గనిలో ప్రేమ్‌వతి చేసేది ఒక పనేనా అని అందరూ నవ్వేవాళ్లు. విరిగిన పింగాణీ కప్పు అడుగున, మెరుపు లేని తెల్లటి అంచు మీద, రాయి పెట్టి గీయడం. అంతే. కానీ ఆ గనిలో పైకి చూస్తే అన్నీ నల్లరాళ్లే. గీత నల్లగా పడితే మాంగనీసు, ఓడకెక్కుతుంది. ఎర్రగా పడితే ఇనుము. పసుపుపచ్చగా పడితే అదీ ఇనుమే, కాకపోతే లోపల నీరు పట్టి ఉన్నది. ఈ రెండూ పారబోయడానికే. పన్నెండేళ్లలో ఆమె చెయ్యి దాటి తప్పుడు రాయి పోలేదు. అయినా రోజుకూలీయే.

ఫిజీకి స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు ఆమె ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. అలా చేస్తే కంపెనీ లైనులో, అంటే కూలీల ఇళ్ల వరసలో, ఆమె గది ఆమెకే ఉంటుంది. చెయ్యకపోతే మొగుడు పోయినదానికి గదెందుకని వెళ్లగొడతారు. అందుకే ఆ ఏడు అమ్మవారి గుడిలో నిప్పులు తొక్కుతానని మొక్కుకుంది. మొక్కున్న పదిరోజులూ చేతులకి పసుపు వదలకూడదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కింది గుంట నుంచి కొత్త రాళ్లు వచ్చాయి. ఏది గీసినా పసుపుపచ్చగానే పడింది. ఆమె సూపర్‌వైజరు బిజేంద్రని పిలిచింది.

“బాబూ, యీ రాళ్లు మంచివి కావేమో సూడు.”

అతను గీతని చూడలేదు, ఆమె చేతులు చూశాడు. “హల్దీ పూసుకుని గీస్తే పచ్చగా కాక ఎలా పడతది దీదీ? నల్లకుప్పలో వెయ్యి. రేవులో జహాజు వచ్చి ఆగి ఉంది.”

కాబోలనుకుని నల్లకుప్పలోనే వేసింది. ఆమె చేసిన తప్పల్లా అదే. పన్నెండేళ్లు రాయి చెప్పినట్టు విన్న మనిషి ఆ పదిరోజులు మాత్రం తన చేతినే అనుమానించింది. నిప్పులు తొక్కింది. అరికాళ్లు కాలలేదు.

రెండు నెలలకి సరుకు కొన్నవాళ్ల ఉత్తరం వచ్చింది. సగానికి సగం ఇనుమేనట. బిజేంద్ర చేతులు దులుపుకున్నాడు. పసుపు చేతులతో గీతలు పాడుచేసిందని కాగితం రాసిచ్చాడు, నల్లకుప్పలో వెయ్యమని తనన్న మాట అందులో లేదు. వారంలో గది ఖాళీ చెయ్యమన్నారు. ఆ సాయంత్రం ఆమె కడుపుమంటతో అన్నం వండలేదు. పొయ్యి మాత్రం రాజేసి, ఆ గుంట రాయినొకదాన్ని పగలగొట్టి నిప్పుల్లో పెట్టింది. చేతి పసుపే అయితే మాడిపోవాలి. నల్లటి పెచ్చు కింద పచ్చగా ఉన్నదంతా, నీరు ఆవిరైపోయి, చల్లారేసరికి ఇటుకలా ఎర్రబడింది.

పొద్దున్నే దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టింది. “నా చేతి పసుపు నిప్పుల్లో యెర్రబడదు సార్. యిది రాయిదే.”

ఆయన ఆ గుంటవి ఇరవై రాళ్లు కాల్పించాడు. ఇరవైకి ఇరవై ఎర్రబడ్డాయి. మాంగనీసు ఒట్టి పైపూత, లోపలంతా ఇనుమే. ఆమెని పనిలోకి తీసుకుని, చెయ్యి కలిపి, నిజాయితీ గల మనిషని కాగితం కూడా ఇచ్చాడు. కంపెనీ ఆశలన్నీ ఆ గుంట మీదే పెట్టుకుంది. మూడో నెలలో గని మూసేశారు.

బిజేంద్రకి సువాలో ఇంకో ఆఫీసు దొరికింది. లైనులో అరవై కొంపలు ఖాళీ అయ్యాయి, ఆమెదీ పోయింది. సామాన్లు లారీకెక్కిస్తూ పక్కింటి కుసుమ్ అంది: “నీ మాట నెగ్గిందిలే అక్కా. మా పొయ్యిలే ఆరిపోయినాయి.” ఇనుముని ఇనుమన్నందుకు అందరి కడుపు కొట్టినది తనే అయింది. ప్రేమ్‌వతి మేనేజరిచ్చిన కాగితాన్ని చించి పొయ్యిలో పడేసింది.

ఇప్పుడామె నాడీ పట్నంలో ఒక హోటల్లో గదులు కడుగుతుంది. ఒకరోజు పెద్ద పనామె ప్రభ స్నానాల తొట్టి చూపించింది. కారే కుళాయి కింద తెల్లటి తొట్టి మీద పసుపుపచ్చటి చార. నీళ్లలోని ఇనుము పేరుకున్నదది. ప్రేమ్‌వతి చూడగానే గుర్తుపట్టింది.

ప్రభ కూర పసుపంటిన ఆమె గోళ్ల వంక చూసింది. “ఇది నీ చేతి హల్దీయేనా?”

“అవును దీదీ, నాదే,” అని ప్రేమ్‌వతి మోకాళ్ల మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టింది.