మెటల్ కచేరీలో మా నాయన పంచాయితీ

నవ్వద్దండప్పా, ముందే చెప్తాండా! పోయిన ఆదివారం బెంగుళూరులో అంతమంది ముందర నా పరువు పోయింది, ఇంకా ఎతుక్కుంటాండా. టీ తాగేసి గ్లాసులు కింద పెట్టి ఇనండి. చేతిలో ఉంటే వొలకబోసుకుంటారు.

నాకు మెటల్ పిచ్చి అని మీకు తెలుసు కదా. పగలంతా తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే మిషన్ సద్దు, సాయంత్రమైతే హెడ్‌ఫోన్లో గిటార్ల సద్దు. "రెండిటికీ తేడా ఏముందో నాకైతే తెలీడం లేదు" అంటాది మా సుజాత. పెండ్లాం కదా, అంటాది. ఏడాదికి రెండు మూడుసార్లు బెంగుళూరు పోయి లైవ్ చూసొస్తా. చూసేదంటే కూర్చోని కాదప్పా! స్టేజీ ముందర జాగా చేసుకోని, అందరం గుండ్రంగా పరిగెత్తుతా ఒకర్నొకరు గుద్దుకుంటాం. దాన్నే పిట్ అంటారు. దెబ్బలు తగుల్తాయి, నిజమే. కానీ ఎవురికీ ఎవురి మీదా కోపం ఉండదు.

పోయినసారి ఎవుని మోచెయ్యో తగిలి కన్ను వంకాయ మాదిరి వాచింది. ఇంటికొస్తానే నాయన పట్టుకున్నాడు. "ఏమైందిరా?"

"బాత్రూంలో జారి పడినా నాయనా."

అంతకు ముందుసారి పక్కటెముకలు. అప్పుడూ బాత్రూమే! నాయన సుజాతను అడిగితే, చెప్పొద్దని నేను ఒట్టు పెట్టించుకున్నా కదా, "ఏమో మామా, బెంగుళూరు పోయినప్పుడల్లా ఇట్లనే వస్తాడు" అని సగం చెప్పి సగం మింగింది. ఆ సగమే కొంప ముంచింది.

మా వీధిలో బోరు నీళ్ల కాడ గానీ, గోడ కాడ గానీ ఎవురన్నా కొట్లాడుకుంటే మా నాయనే తువ్వాల భుజాన ఏసుకోని పోయి రాజీ చేసొస్తాడు. ఆయప్ప లెక్కలో ఏమంటే, బెంగుళూరులో నా మీద పగబట్టినోడు ఎవుడో ఉండాడు. వాడు పిలిపించి మరీ తంతాండాడు, నేను భయపడి చెప్పకుండా దాస్తాండా. ఈ సంగతి నాకు అప్పుడు తెలీదు. ఊరక, "ఈసారి నేనూ వస్తాలేరా, నీ పాటలు నేనూ ఇంటా" అన్నాడు.

వద్దు నాయనా, సద్దు ఎక్కువ, ఎండ ఎక్కువ, నిలబడల్ల... ఎన్ని చెప్పినా ఇనల్య. అదీ ఏ బ్యాండుకు! పదకొండేండ్లుగా ఈ పక్కకు ఎప్పుడొస్తారా అని నేను కాచుకోనుండే బ్యాండుకు.

గేటు కాడ చూడాల్సింది మీరు. అందరూ నల్ల టీషర్టులు, పుర్రెబొమ్మలు, గడ్డాలు. మధ్యలో తెల్ల పంచెతో మా నాయన. చేతిలో సంచి, సంచిలో రెండు శేర్లు ఉడకబెట్టిన శెనక్కాయ బుడ్డలు!

"ఇవెందుకు నాయనా?"

"ఉండనీలే. ఎవురికన్నా పెట్టేకి పనికొస్తాయి."

రాజీ కుదిరినాక రెండుపక్కలోళ్లూ ఒకచోట కూర్చోని ఏదన్నా తినాల, అది ఆయన పద్ధతి. నాకేం తెలుసు? దారిలో ఆకలైతాదేమో అనుకున్నా. సెక్యూరిటీ ఆయన సంచి ఆపినాడు. నాయన దోసెడు తీసి ఆయన చేతిలో పోసినాడు. ఆయనది మన హిందూపురం పక్కనంట, నవ్వి ఇడిసిపెట్టినాడు.

నాయన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, చెవుల్లో దూది పెట్టి, "ఈడనే ఉండు, కదలొద్దు" అని చెప్పి నేను ముందరికి ఉరికినా.

రెండో పాటకే పిట్‌లో కాలికి కాలు అడ్డం తగిలి దబ్బుమని పడినా! పైనుంచి బూట్లు, మోకాళ్లు. ఎవురో లేపేకి చేతులు చాపతాండారు. అంతలోనే నా మీద తెల్లగా ఏదో వాలింది. చూస్తే మా నాయన! రెండు చేతులూ చాపి నాకు అడ్డం నిలబడినాడు.

"ఆగండప్పా! ఆగండి! ఏమన్నా ఉంటే కూర్చోని మాట్లాడుకుందాం!"

నా ఖర్మ, సరిగ్గా అప్పుడే పాట అయిపోయింది. చెవుల్లో దూది ఉండాది కదా, నాయన అరిచేది స్టేజీ దాకా ఇనపడింది. పిట్ మొత్తం నిలబడిపోయింది. నాయన చేతులు జోడించినాడు.

"మావోడు తప్పు చేసింటే నేను ఒప్పుకుంటా. కొట్టేదుంటే నన్ను కొట్టండి. వాన్ని ఇడిసిపెట్టండి."

మేకపిల్లను ఎత్తుకున్నట్ల నన్ను ఎత్తుకోని పారిపోయేకి కూడా సిద్ధంగా ఉండాడు మనిషి. కింద పడినోన్ని కిందనే ఉండిపోయినా. ఏడుపొచ్చింది.

గడ్డమాయన ఒకాయన ముందుకొచ్చినాడు. టీషర్టు నిండా పుర్రెలు. బళ్లారి మనిషంట, తెలుగొచ్చు. మెల్లగా నాయన భుజం పట్టుకోని, "తాతా, ఇది కొట్లాట కాదు, మా ఆట. పడినోన్ని మొదట లేపల్ల, అదే మా రూలు" అని నన్ను లేపి చూపించినాడు.

నాయన నా వైపు తిరిగినాడు. "నిజమేనా?"

"నిజమే నాయనా."

"మరి బాత్రూం?"

"అబద్ధం."

పక్కకు పోయి గడ్డిలో కూర్చున్నాడు. నేనూ పోయి కూర్చున్నా. నాయన తువ్వాలతో మొఖం తుడుచుకున్నాడు.

"ఏడు నెలల నుంచి నాకు నిద్రలేదురా. ఫోను మోగితే చాలు, నిన్ను యాడ పడేసినారో చెప్పేకి చేసినారు అనుకుంటాంటి."

నాకు ముప్పై ఆరేండ్లు. చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినా. "దెబ్బలు తిన్నా అని చెప్పేకి సిగ్గు కాదు నాయనా. పాటల కోసం తింటాండా అని చెప్పేకి సిగ్గయింది."

అప్పుడే మొదలయింది ఆ పాట. నేను పదకొండేండ్లు కాచుకున్న పాట! నా మొఖం చూసి నాయనకు అర్థమైనట్లుంది. "పో, పోయి ఎగురుకో" అన్నాడు. నేను పోలేదు. పోబుద్ది కాలేదు. ఇంతలో గడ్డమాయన, ఆయన జతగాళ్లు నలుగురైదుగురు తాతను చూసుకుంటామని వచ్చి చుట్టూ కూర్చున్నారు. నాయన సంచి ఇప్పినాడు. పుర్రెబొమ్మలోళ్లంతా బుడ్డలు ఒల్చుకుంటా కూర్చున్నారు. నా పాటను నాయన పక్కన గడ్డిలో కూర్చోని ఇన్నా. అంత బాగా దాన్ని ఎప్పుడూ ఇనలేదు, నిజం చెప్తాండా.

"ఎట్లుంది తాతా?" అని అడిగినాడు గడ్డమాయన.

"పాట నాకు తెలీదు గానీ, ఆ డ్రమ్ములు కొట్టే పిల్లోడు శానా కష్టపడతాండాడు. వానికి పిడికెడు బుడ్డలు ఇచ్చి రాపో."

ఇట్ల అంతా బాగనే అయిపోయింది అనుకుంటాండారు కదా? తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కినాం. బస్సు నిండా మన తాడిపత్రోళ్లే. నాయన సుజాతకు ఫోన్ చేసినాడు. చెవుల్లో దూది తీసేది మర్సిపోయినాడు, డ్రైవరు కూడా అద్దంలో చూసేంత గట్టిగా మొదలుపెట్టినాడు.

"భయపడొద్దమ్మా! పగా లేదు, ఏం లేదు! వాన్ని ఎవురూ పిలిపించి కొట్టడం లేదు! మనోడే నెల ముందు టికెట్టు తీసుకోని, బస్సెక్కి పోయి, లైన్లో నిలబడి మరీ తన్నించుకోని వస్తాండాడు!"