బ్రేకుల ముస్తాక్ కరెంటు వాల్వు

మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఏ టీ కొట్టు దగ్గర అడిగినా బ్రేకుల ముస్తాక్ షెడ్డు చూపిస్తారు. చూపించి ఊరుకోరు, "తీరిక చేసుకోని పోండి, తొందరగా ఇడిచిపెట్టడు" అని నవ్వుతారు. ముస్తాక్ అహ్మద్ చేతులు లారీ బ్రేకుల మీద ఎంత పని చేస్తాయో, ఆ పని గురించి నోరు అంతకు రెట్టింపు చేస్తుంది. అలాగని అతన్ని అబద్ధాలకోరు అనడం అన్యాయం. గోరంత ఉంటేనే కొండంత చేస్తాడు. ఆ గోరంత కూడా లేకపోతే నోరు విప్పడు.

చిన్నప్పుడే వాళ్ల నాయన వెంట షెడ్డులో చేరాడు. అప్పటి నుంచి పలకల రాయి మోసే లారీలన్నీ అతని చేతి మీదుగా పోయినవే. ఈ పలకల రాయి చూడ్డానికి నున్నగా ఉంటుంది గాని దాని దుమ్ము మహా చెడ్డది. అన్నం గిన్నె మీద మూత పెట్టినా లోపలికి దూరుతుంది. ఇక బ్రేకుల సంగతి చెప్పాలా? లారీ బ్రేకులు గాలితో పని చేస్తాయి. డ్రైవరు తొక్కగానే గొట్టాల్లోంచి గాలి పోయి చక్రాలను పట్టిస్తుంది. కొత్త లారీల్లో ఆ గాలి దారిలో కరెంటుతో నడిచే వాల్వు ఒకటి ఉంటుంది. తీగచుట్టకు కరెంటు తగలగానే అది అయస్కాంతమై లోపలి పిన్నును లాగుతుంది, గాలికి దారి దొరుకుతుంది. కరెంటు పోగానే స్ప్రింగు ఆ పిన్నును వెనక్కి తోస్తుంది, గాలి బయటికి పోయి బ్రేకు వదులవుతుంది. ఆ పిన్ను సందులో పలకల దుమ్ము చేరి, చెమ్మకు ముద్దయి, బిగుసుకుపోయేది.

పెద్ద పెద్ద కంపెనీల వాల్వులు విప్పడం, కడగడం, మళ్లీ బిగించడం, ఇదే ముస్తాక్ బతుకు. ప్రతి వాల్వు మీదా ఎవరిదో ఒక పేరు అచ్చు గుద్ది ఉండేది. "ఊళ్లో వాళ్ల పేర్లన్నీ తుడుస్తా ఉండా. నా పేరు మీద దుమ్ము పడేది ఎప్పుడే?" అనేవాడు భార్య జైనాబీతో. ఆమె "ముందు చేతులు కడుక్కోని రాండి, అన్నం చల్లారిపోతా ఉంది" అనేది. నవ్వుతూనే అన్నా, ఆ కోరిక మాత్రం అతని గుండెలో బలంగా నాటుకుంది.

చివరికి తనే ఒక వాల్వు చేశాడు. ఉపాయం చిన్నదే. పిన్ను వెనక్కి వచ్చిన ప్రతిసారీ, బయటికి పోయే గాలిలో కాస్త ఒక సన్నటి బెజ్జంలోంచి ఉఫ్‌మని ఊది, చేరిన దుమ్మును తోసేస్తుంది. తన దుమ్ము తనే దులుపుకునే వాల్వు అన్నమాట. అయితే బ్రేకు గొప్పతనం షెడ్డులో తేలేది కాదు. గిద్దలూరు దాటి నంద్యాల పోయే నల్లమల ఘాటులో బండి దించి చూడాలి. ముస్తాక్‌ను బావా అని పిలిచేంత చనువున్న లారీ ఓనరు నరసింహం "నా బండికే బిగించు బావా" అని ముందుకొచ్చాడు.

ఇదిగో, ఇక్కడే ఈ ప్రాంతం వాళ్ల బుద్ధి బయటపడింది. ఈ వైపు కొత్త సామాను బిగించిన బండి ఏదీ ముస్తాబు లేకుండా ఘాటెక్కదు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి. నరసింహం అమ్మవారి కుంకుమ తెచ్చాడు, ముస్తాక్ దర్గాలో ఫాతెహా ఇప్పించాడు. అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. లారీకి బంతిపూల దండలు, ముస్తాక్ మెడలో ఇంకో దండ, వచ్చినవాళ్లందరికీ బూందీ, బండి ముందు ఒక ఫ్లెక్సీ. దాని మీద 'ముస్తాక్ కరెంటు వాల్వు శుభారంభం' అని ఇంతింత అక్షరాలు. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే. జరగబోయేది పరీక్ష మాత్రమేనన్న సంగతి అక్కడ ఎవరికీ తోచలేదు. తోచినా మాత్రం, ఫ్లెక్సీ మీద 'బ్రేకుల పరీక్ష' అని రాయిస్తే ఆ బండెక్కే డ్రైవరు దొరుకుతాడా?

నరసింహం అంతా ఫోన్లో తీశాడు. దండలేసిన లారీ ఘాటు దిగడం, ముస్తాక్ మీసం సవరించుకోవడం, అన్నీ ఒక పాటతో కలిపి తన యూట్యూబ్ ఛానల్లో పెట్టాడు. ఊరంతా చూసింది. ముస్తాక్ తన వీడియోను తానే ఎన్నిసార్లు చూసుకున్నాడో లెక్క లేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు కళ్యాణి చేత పేటెంటుకు దరఖాస్తు పెట్టించాడు. కళ్యాణి ఇంజనీరింగు చదివి, పేటెంటు ఏజెంటు పరీక్ష ప్యాసై, హైదరాబాదు కంపెనీల పని మార్కాపురంలో ఇంటి నుంచే చేసుకునే అమ్మాయి. ఇంగ్లీషులో రాసిన దరఖాస్తు పేరును ఆమె తెలుగు చేసి 'వాహనాల బ్రేకు వ్యవస్థ కొరకు విద్యుదయస్కాంత కవాటం' అని చెబితే ముస్తాక్ ఒళ్లు పులకరించింది. "ఇంకోసారి చెప్పు తల్లీ" అన్నాడు. ఆమె చెప్పింది. జైనాబీని కూడా పిలిచి మూడోసారి చెప్పించాడు.

ఏడాది దాటాక, దరఖాస్తును పరీక్షించిన ఆఫీసరు నుంచి అభ్యంతరాల రిపోర్టు వచ్చింది. కళ్యాణి దాన్ని పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"జర్మనీ వాల్వు ఒకటి, జపాను వాల్వు ఒకటి ఇట్లాటివే ఉండాయని రాసినారు మామా. వాటికి మన ఊదే బెజ్జం లేదు కాబట్టి జవాబు చెప్పొచ్చు. కష్టమంతా చివరి దాంతోనే. దరఖాస్తు పెట్టక ముందే ఈ వాల్వును జనం మధ్య వాడేసినారు, ఇంక ఇది కొత్తదెట్ల అవుతుంది అంటుండారు."

"ఎవురన్నారు ఆ మాట? సాక్ష్యం ఏంది?"

కళ్యాణి ఫోను తిప్పి చూపించింది. మెడలో దండతో, వెనక ఫ్లెక్సీతో, చిరునవ్వులు చిందిస్తూ ముస్తాకే కనిపించాడు.

"అంటే నా వాల్వుకు నేనే అడ్డమొచ్చినానా?" అని ముస్తాక్ స్టూలు మీద కూలబడ్డాడు.

"దారుంది మామా. బయట నడిపితే తప్ప తేలని వస్తువును, పరీక్ష కోసమే బయట నడిపి చూసుకుంటే, అది దరఖాస్తుకు ముందు ఏడాది లోపలైతే చట్టం తప్పు పట్టదు. మనది ఏడాది లోపలే. కాకపోతే అది పరీక్షే గాని ప్రారంభం కాదని చూపించాల. నిజం చెప్పండి, ఆ రోజు ఎట్ల పని చేసింది?"

"ఎట్ల చేసిందా? పల్లకీలో పెళ్లికూతుర్ని దించినట్టు దించింది తల్లీ బండిని! ఒక్క కుదుపు లేదు!"

"అంత బాగా పని చేసుంటే మనం ఓడిపోయినట్టే మామా. అట్ల నడిచినదాన్ని పరీక్ష అని ఎవరు నమ్ముతారు?"

గొప్ప చెప్పుకునే కొద్దీ గోతిలో పడటం ముస్తాక్‌కు ఇదే మొదలు. టీ తెచ్చిన జైనాబీ గ్లాసులు అక్కడ పెట్టి, "అజీ, చెప్పేయండి. మీరు చెప్పకుంటే నేను చెప్తా" అంది.

అసలు జరిగింది వేరు. లారీ దర్జాగానే ఘాటులోకి దిగింది. ఒక మలుపులో డ్రైవరు చిన్నమల్లయ్య బ్రేకు తొక్కాడు, బండి ఆగింది. కాలు తీశాడు, బండి కదల్లేదు. పిన్ను బిగుసుకుపోయింది, గాలి బయటికి పోలేదు, చక్రాలు వదల్లేదు. చిన్నమల్లయ్య నల్లమలలో పుట్టి పెరిగినవాడు, ఆ రోడ్డులో ప్రతి రాయీ అతనికి తెలుసు. అయినా బండిని మాత్రం ఒక్క అడుగు కదిలించలేకపోయాడు. "ఇదేందయ్యా సామీ, పట్టుకుంటే ఇడవదే!" అని కిటికీలోంచి అరిచాడు. వెనక ఆర్టీసీ బస్సు ఆగింది, దాని వెనక ఇంకా ఏవేవో ఆగాయి. ప్రయాణికులు దిగి వచ్చి తిట్టవలసినవన్నీ తిట్టారు. తిట్టేసి, మిగిలిన బూందీ కూడా తిన్నారు. దండ మెడలో ఉండగానే ముస్తాక్ బండి కిందికి దూరి, వాల్వు విప్పి, "బెజ్జం తిన్నగా పెడితినే! ఏటవాలుగా పెట్టాల్సింది!" అని అక్కడి నుంచే కేకపెట్టాడు. వెంట తెచ్చిన పాత వాల్వు బిగించుకుని బండి ఘాటు దిగింది. వీడియోలో పల్లకీలా దిగింది ఆ పాత వాల్వు మహిమే. ఆలస్యం ఎందుకని మార్కాపురంలో అడిగితే రోడ్డు మీద బండరాయి పడిందని చెప్పాలని ముస్తాక్ అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. జైనాబీ మాత్రం దండకు అంటిన గ్రీసు చూసి ఆ పూటే నిజం కక్కించింది.

అంతా విని కళ్యాణి ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇంత మంచి వార్త ఇన్నాళ్లు దాచిపెట్టినారా మామా! మనం దరఖాస్తులో రాసింది ఏటవాలు బెజ్జం గదా. ఆ రోజు నడిచింది ఇది కానే కాదు. అది పరీక్షేనని, ఫెయిలైన పరీక్షని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాల? నరసింహం మామ వీడియోలోంచి కత్తిరించిన ముక్క ఉందా?"

ఉంది. నరసింహం ఫోన్లోంచి ఏదీ తీసేసే రకం కాదు. కాని ముస్తాక్ మొండికేశాడు.

"వద్దు తల్లీ. పేటెంటు ఆఫీసు ఫైలు ఎవురైనా తెరిచి చూడొచ్చంటివి. బ్రేకు బిగుసుకోనిచ్చినోడి దగ్గరికి ఏ డ్రైవరు వస్తాడు? పేటెంటు పోతే పోనీ. షెడ్డు పరువు పోతే ఏం తిని బతకాల?"

కళ్యాణి బలవంతం చేయలేదు. గడువు లోపల చెప్పమని వెళ్లిపోయింది. ముస్తాక్ కొన్నాళ్లు పని చేశాడు గాని, మనసు పెట్టలేదు. షెడ్డులో మాటలు తగ్గిపోతే వచ్చిన డ్రైవర్లు జ్వరమేమోనని అడిగారు. ఆఖరికి జైనాబీకే విసుగొచ్చింది.

"బిగుసుకున్నదీ మీ వాల్వే, బాగుపడిందీ మీ వాల్వే. ఒకటి నాది, ఇంకోటి కాదు అంటే ఎట్ల జీ? పిల్లోడు పడకుండానే నడక నేర్చినాడని చెప్తే ఏ తల్లి నమ్ముతుంది?" అంది. ముస్తాక్ ఆ రోజు అన్నం సగంలో లేచి ఆ వీడియో ముక్క కోసం నరసింహం ఇంటికి పోయాడు.

విచారణ కళ్యాణి ఇంట్లో, కంప్యూటరు ముందు జరిగింది. అటువైపు తెర మీద పేటెంటు ఆఫీసు కంట్రోలరు, ఒక మేడం. గట్టి మనిషి గాని మర్యాదస్తురాలు. దండలు, మిఠాయి, శుభారంభం అన్న ఫ్లెక్సీ, ఇవన్నీ ఉంటే పరీక్ష అని ఎలా అనుకోవాలని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. మా వైపు పరీక్షకైనా కొబ్బరికాయ కొట్టందే బండి కదలదని కళ్యాణి చెప్పింది. మేడం ఆ మాట పక్కన పెట్టింది. నేరుగా ముస్తాక్‌నే అడిగింది, ఆ రోజు మీ వాల్వు పని చేసిందా అని.

కళ్యాణి తెలుగు చేసి చెప్పాక ముస్తాక్ గొంతు సవరించుకున్నాడు. ఎన్ని మాటలో నోటిదాకా వచ్చాయి. అన్నింటినీ మింగేశాడు.

"లేదు మేడం. బిగుసుకుపోయింది."

అంత చిన్న జవాబు అతని నోట ఎవరూ విని ఉండరు. తర్వాత వీడియో నడిచింది. బస్సు జనం తిట్లు వినపడ్డాయి, బండి కింద నుంచి ముస్తాక్ కేక వినపడింది. మేడం ఆ కేకకు అర్థం అడిగి రాసుకుంది. మళ్లీ తెర వైపు చూసి, బండి కింద పడుకున్నప్పుడైనా ఆ దండ ఎందుకు తీయలేదని అడిగింది.

"తీస్తే అపశకునం అని డ్రైవరు పారిపోతాడేమోనని మేడం."

గట్టి మనిషి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొన్ని వారాలకు పేటెంటు మంజూరైంది. జైనాబీ వీధంతా సేమ్యా పంచింది. ముస్తాక్ కొత్త వాల్వు మీద తన పేరు అచ్చు గుద్ది, దాన్ని బట్టలో చుట్టుకుని లారీల స్టాండుకు పోయాడు. ఎవరో ఫైలు తెరిచి చెప్పేకంటే తనే చెప్పడం మేలనుకున్నాడు. నరసింహం, చిన్నమల్లయ్య, ఇంకా పది మంది డ్రైవర్ల ముందు నిలబడి చెప్పేశాడు.

"అన్నా, ఒక మాట. ఆ రోజు ఘాటులో బండరాయి పడలేదు. నా వాల్వే బిగుసుకుపోయింది."

ఎవరూ ఉలిక్కిపడలేదు. చిన్నమల్లయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"మాకు తెల్సులే ముస్తాకన్నా. బస్సు నిండా జనం ఉండ్రి గదా. వాళ్లంతా గిద్దలూరుకు తిరిగి రారా? ఆ వారమే అందరికీ తెలిసిపోయె."

"మరి ఇన్నాళ్లు నేను రాయి పడిందని చెప్తా ఉంటే?"

"బాగా చెప్తివి. చెప్పినప్పుడల్లా ఆ రాయి పెరగతా వచ్చె. ఎందాక పెరుగుతుందోనని మేమూ చూస్తా ఉంటిమి."

స్టాండంతా గొల్లుమంది. ముస్తాక్‌కు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత అనుమానం వచ్చింది.

"తెలిసీ నా దగ్గరికే బండ్లు ఎందుకు తెస్తిరిరా?"

నవ్వులు ఆగాయి. జవాబు చెప్పింది ఆ రోజు బండి నడిపిన చిన్నమల్లయ్యే.

"బ్రేకు ఇడవకపోతే ఏముందన్నా, బస్సోళ్లు తిడతారు, అంతే. పట్టుకోకపోతే గదా మనిషి ఇంటికి రాంది. ఆ మలుపులో నా పక్కన అంతా లోయే. నీ వాల్వు నన్ను పట్టుకోని నిలబడె. మా ఇంటామె పార్వతమ్మకు నేను అదే చెప్పినా."

ముస్తాక్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోబోతే చేతికి గ్రీసు ఉంది, అలాగే నిలబడ్డాడు. చిన్నమల్లయ్య బండి తాళాలు తీసి అతని జేబులో వేశాడు.

"తెల్లారక ముందే, మబ్బులోనే గిద్దలూరు పోవాల. ఆ బట్టలో ఉన్నది బిగించు" అని చెప్పి, ఇంకో టీ చెప్పడానికి కొట్టు వైపు పోయాడు.