ఇంటికి రాని కంప్యూటర్

పొద్దున మా అక్క కూతురు ఫోన్ చేసి, కాలేజీకి ల్యాప్‌టాప్ కొనాలా డెస్క్‌టాప్ కొనాలా పిన్నీ అని అడిగింది. ల్యాప్‌టాపే కొనుక్కో, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు అని చెప్పేశాను కానీ, ఫోన్ పెట్టినప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. టీ పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను, ఉతికిన బట్టలే మళ్లీ తడిపాను.

పదో తరగతి అయ్యాక టైపింగు నేర్చుకుని ఛత్తాబజార్‌లో ఒక పెళ్లికార్డుల దుకాణంలో చేరినప్పుడు, అక్కడ రెండు డెస్క్‌టాప్‌లు పక్కపక్కన ఉండేవి, ఒకదాని మీద నేను తెలుగు కార్డులు, రెండోదాని మీద నాకంటే పెద్దదని నేను ఆపా అని పిలిచే అక్క ఉర్దూ కార్డులు కొట్టేవాళ్లం. వెనక అంత లావు డబ్బా ఉన్న ఆ మానిటర్లు మీకూ గుర్తుండే ఉంటాయి, ఎండాకాలం ఆ వేడికి దగ్గర కూర్చోలేం; కానీ తెర పెద్దది కదా, పెళ్లివారంతా మా కుర్చీల వెనక నిలబడి చూస్తూ, ఎవరి పేరు పైన రావాలో అక్కడే పోట్లాడుకునేవారు.

"బిడ్డా, మేనమామ పేరు జర పెద్దగ కొట్టు, లేకుంటె పెండ్లికి రాడు" అని ఒక పెద్దాయన నా చెవిలో చెప్పబోతే, ఆపా ఊరుకుంటుందా, "గంత పెద్దగ కొడితె పెండ్లిపిల్లకు జాగ ఉండదు భాయ్" అని చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

పెళ్లయి సంతోష్‌నగర్‌కి వచ్చాక, రోజూ అంత దూరం ఎందుకని అత్తమ్మ అడిగినప్పుడల్లా, కంప్యూటర్ అక్కడుంది కదా, అది ఇంటికి రాదు కదా అనేదాన్ని. నేను షేర్ ఆటో ఎక్కి, చార్మినార్ దగ్గర దిగి, గాజుల దుకాణాలు చూసుకుంటూ నడిచేదాన్ని. ఆ దారిలో నేను ఎవరి కోడలినీ కాను, ఎవరి పనీ నెత్తిన ఉండదు, అది లేకపోతే నాకు ఊపిరాడదు.

తర్వాత ఒకరోజు దుకాణం యజమాని, మా సేఠ్, ఎంతో ప్రేమగా ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి, ఇంట్లోనే చేసుకో బేటా అన్నాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. మీటలు ఇరుకుగా ఉన్నాయి, మళ్లీ దుకాణానికే పోతానంటే మా ఆయన వేరే కీబోర్డు తెచ్చాడు. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే సేఠ్ ఆటోలో పెద్ద తెర పంపాడు. బ్యాటరీ కూడా పోయి వైరు గోడకి తగిలించాక, కిటికీ పక్కన బల్ల మీద అది కూడా కదలని డెస్క్‌టాపే అయింది.

ఇక మౌస్ బాగాలేదని మొదలుపెడితే, అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే, "బయటికి పోవాలనుంటె పోతనని చెప్పు. మిషిన్ మీద ఎందుకేస్తవు? నేనేమన్న తలుపులు పెట్టిన్నా?" అంది.

మర్నాడే దుకాణానికి వెళ్లాను. ఆపా కూడా ఇంటి నుంచే చేస్తోందట, మా ఇద్దరి చోట్లలో కార్డుల డబ్బాలు పేర్చి ఉన్నాయి. సేఠ్ స్టూలు వేసి, ఛాయ్ తెప్పించి, "ఏం పని మీద వచ్చినవ్ బేటా, ఫోన్ చేస్తె అయిపోతుండె గద" అన్నాడు. నా దగ్గర పని ఏదీ లేదు. ఛాయ్ తాగి వచ్చేశాను.

ఇప్పుడు కార్డు కొట్టి ఫోన్లో పంపితే పెళ్లివారి నుంచి బొటనవేలు బొమ్మ వస్తుంది, అంతకుముందు వాళ్లింట్లో ఎంత లొల్లి అయిందో నాకు తెలియదు. నన్ను ఎవరూ వద్దనడం లేదు. జడ వేసుకుని, చీర మార్చుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాను. ఎక్కడికి అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక చోటు ఉండాలి కదా.