ఊపిరి పీల్చుకునే వంతు

నా చిన్నప్పుడు కూడా నాకిలాగే ఊపిరి చాలేది కాదు. ఎండాకాలం దాళ్వా వరి కోతలు మొదలైతే చాలు, నూర్పిళ్ల దుమ్ముకి ఆయాసం పట్టుకునేది. సరిగ్గా అప్పుడే ఈస్టరు వచ్చేది. తణుకు దగ్గర మా ఊరి చర్చిలో పిల్లలందరం క్వయర్‌గా పాడేవాళ్లం. చివర్లో ఆమెన్ ఎంతకీ తెగదు, లాగి లాగి పాడాలి. సగంలోనే నా గొంతు తెగిపోయేది. ఓ ఏడు నన్ను క్వయర్‌లోంచి తీసేస్తారని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పాట తప్ప వేరే సరదా ఎరగనిదాన్ని. ఆ దిగులుకి అన్నం సయించేది కాదు.

మాకు పాట నేర్పేది మా మేనత్త. హైస్కూలు టీచరు, కోపం ముక్కు మీదే ఉండేది. ఓ రోజు ప్రాక్టీసులో నేను ఆగిపోగానే హార్మోనియం ఆపేసింది. అయిపోయింది నా పని అనుకున్నాను. ఆవిడ తిట్టలేదు సరికదా, సింఫనీ అన్న మాటకి అర్థం తెలుసా అని అందరినీ అడిగింది. మాకేం తెలుసు! అది గ్రీకు వాళ్ల మాటట. ‘సిమ్’ అంటే కలిసి, ‘ఫోనీ’ అంటే ధ్వని. పోస్టాఫీసులో ఉండే ఫోను పేరు కూడా అందులోంచి వచ్చిందేనట.

తర్వాత నా వైపు తిరిగింది. “కలిసి మోగడమంటే అందరూ ఒక్కసారే అరవడం కాదే. ఊపిరి అందకపోతే ఆగి పీల్చుకో. పక్కపిల్ల పాడుతుందిగా. అది పీల్చుకునేటప్పుడు మాత్రం నువ్వు ఆగకు.”

ఈస్టరు నాడు ఊపిరి కావలసినప్పుడల్లా పక్కపిల్ల మోచేయి తాకేదాన్ని. తనూ అంతే. మా ఆమెన్ ఎక్కడా తెగలేదు. చాప మీద కూర్చున్న మా అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు మా ఆయన మంచం పట్టి ఏడాది దాటింది. ఎత్తడం, తుడవడం, తినిపించడం. ఒళ్లు పులిసిపోయింది, ఊపిరి సలపడం లేదు. మా తోటికోడలు రోజూ వచ్చి, “అక్కా, కాసేపు నడుం వాల్చండి, బావగారిని నేను చూస్తాను,” అంటుంది. ఇన్నాళ్లూ వద్దనేదాన్ని. నేను పక్కకి తప్పుకుంటే ఆయనకేమైపోతుందోనని భయం.

నిన్న మధ్యాహ్నం ఇక నిలబడలేక సరేనన్నాను. పక్కగదిలో పడుకున్నానే గానీ చెవులు అటే ఉన్నాయి. తను జావ తాగిస్తూ ఏవో కబుర్లు చెబుతోంది. ఆయన ఊఁ కొడుతున్నారు. మా మేనత్త గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని, గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను.