ట్రైలర్ కప్పుకు పట్టని బంక

మా బావకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయిన ఏడాదే ఆయన ట్రైలర్ కప్పు కూడా కారడం మొదలుపెట్టింది. మైపాడు బీచ్ రోడ్డు పక్కన ఆ ట్రైలర్‌లో అక్కా బావా చేపల వేపుడు, పీతల పులుసు అమ్మేవారు. అల్యూమినియం రేకులూ ఫైబర్ షీట్లూ కలిపి బావ తన చేతులతో కట్టుకున్న బండి అది. ఆయన పడిపోయాక అక్క ఒక్కతే నడిపేది. ఒకరోజు కప్పు నుంచి వాననీళ్లు బాణలిలో పడి, నూనె చిట్లి ఆమె మోచెయ్యి కాలింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక బోగోలు నుంచి బయలుదేరాను. అక్కడ హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒక సందు మూయడం ఎంత పని అనుకున్నాను. నెల్లూరులో ఆగి, నీళ్లు కారకుండా ఏదైనా బంక ఇమ్మన్నాను. దేనికని షాపతను అడగలేదు, నేనూ చెప్పలేదు. బాత్రూముల్లో వాడే తెల్ల సిలికాన్ ట్యూబు ఇచ్చాడు.

బావను ట్రైలర్ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, నేను స్టూలెక్కాను. రేకు, ఫైబరు కలిసే చోట పాత బంక పగిలి ఉంది. దాని మీదే కొత్తది పూస్తుంటే, బావ ఎడమ చెయ్యి ఊపుతూ గొంతు పెగుల్చుకున్నాడు.

"పీ... పీ..."

"ఏంది బావా?"

"పీ..."

లోపల్నుంచి అక్క ఆత్రంగా వచ్చింది. "పీతలు అడగతా ఉండాడేమోరా! ఇన్నాళ్లకు నోరు తెరిచి ఒకటి అడిగినాడు."

అప్పటికప్పుడు వెళ్లి బతికున్న పీతలు తెచ్చింది. వండి, గుల్ల ఒలిచి, కండ మెత్తగా నలిపి నోటికి అందించింది. బావ మొహం తిప్పుకున్నాడు. రెండోసారి అందిస్తే పళ్లెం తోసేశాడు. కూరంతా ఇసకలో పడింది.

"ఏం చేసినా నచ్చదే ఈ మనిషికి! ఇంక నావల్ల కాదు," అని అక్క లోపలికెళ్లి ఏడ్చింది. బావ కళ్లలోనూ నీళ్లున్నాయి. రోగం వల్ల వచ్చే చిరాకనుకున్నాను.

పది రోజులకు ముసురు పట్టింది. అక్క ఫోన్ చేసింది. "నువ్వు పూసిందంతా తోలు మాదిరి ఊడొచ్చిందిరా. నీళ్లు దిగి ఫ్రీజర్ కాలిపోయింది. చేపలన్నీ పారబోసినాను."

ఈసారి కప్పు ఫోటో తీసుకుని వేరే షాపుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీనికి సిలికాన్ ఎవరు పెట్టమన్నారు సార్? రేకు, ఫైబరు రెండూ ఎండకు సాగుతాయి, కానీ ఒకే మాదిరి సాగవు. గట్టిపడే ఎపాక్సీ పెట్టినా బండి అదురుకు పగులుద్ది. దీనికి పీయూ పెట్టాల."

"పీయూ అంటే?"

"పాలీయురేథేన్. బండ్లు కట్టేవాళ్లంతా పీయూ అనే అంటారు."

పీయూ ట్యూబులు తీసుకుని వెంటనే మైపాడు బయలుదేరాను.

అక్కావాళ్లింటికెళ్లి బావ ముందు గొంతుక్కూర్చున్నాను. "ఆరోజు నువ్వు చెప్పింది పీయూనా బావా?"

చాలాసేపు నా మొహంలోకి చూసి, ఒక్కసారి తల ఊపాడు. అందులో సంతోషమేమీ లేదు. అక్క గుమ్మంలోనే కూలబడింది. "అయ్యో, నేను తిట్టినానే ఆయన్ని," అంది.

సిలికాన్ ఏమాత్రం మిగిలినా పీయూ పట్టదని షాపు పెద్దాయన చెప్పి పంపాడు. ఎండ కాసిన రెండు రోజులూ బ్లేడుతో గీకి, థిన్నరుతో తుడిచాను. బావ కుర్చీలోంచి చూస్తూ, ఇంకా గీకమని ఎత్తిన ఎడమ చెయ్యి, చాలనిపించేదాకా దించలేదు. ఒక మూలను నాతో మూడుసార్లు గీకించాడు. పీయూ పూశాక ఎంత వాన కురిసినా ఒక్క చుక్క దిగలేదు.

కానీ అక్కకు మళ్లీ ఫ్రీజర్ కొనే శక్తీ, ఒంటరిగా నిలబడే ఓపికా లేకపోయాయి. క్రిస్మస్‌కు ముందే ట్రైలర్‌ను బిట్రగుంట వాళ్లకు అమ్మేసింది. వాళ్లు ట్రాక్టర్‌కు తగిలించి లాక్కెళ్తుంటే బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఏదీ చెప్పబోలేదు. అన్నం పెట్టే ముందు అక్క రోజూ పక్కన కూర్చుని, "ఏం కావాలో చెప్పు, ఎంతసేపైనా ఉంటా," అంటుంది. ఆయన కళ్లు మూసుకుంటాడు.